అసలు బూట్లు వేసుకున్నట్టే లేదమ్మా

2022 ఫిబ్రవరి. జర్మనీలో తురింగియా అడవి అంచున ఉన్న ఇల్మెనౌ ఊళ్ళో ఒక స్కీ దుకాణం. ఆ వారాంతం నుంచి బడులకు వింటర్‌ఫెరియన్, అంటే చలికాలపు సెలవులు. అంతకు ముందు ఏడాది కరోనా పుణ్యమా అని, స్కీ చేసేవాళ్ళను కొండ మీదికి చేర్చే లిఫ్టులన్నీ మూతబడ్డాయి. ఈ ఏడు తెరిచేసరికి ఊరు ఊరంతా మా షాపు మీద వచ్చి పడింది. తలుపు దగ్గర టీకా సర్టిఫికెట్ చూపించాలి, పేరూ ఫోన్ నంబరూ ఫారం మీద రాసి పెట్టెలో వేయాలి, ముఖానికి మాస్కు ఉండాలి. అప్పుడు గానీ లోపలికి రానివ్వం.

నేనక్కడ బూట్ ఫిట్టర్‌ని. స్కీ బూట్లు కాలికి తగ్గట్టు ఎంచి, సరిచేసి ఇచ్చే పని. హనుమకొండ నుంచి మెకానికల్‌లో మాస్టర్స్ చేద్దామని వచ్చాను. ఖర్చులకని వారానికి రెండు రోజులు ఈ షాపులో చేరి, చదువు అయిపోయాక కూడా ఇక్కడే ఉండిపోయాను. "ఎమ్మెస్ చేసి చెప్పుల దుకాణంల పని చేస్తున్నవానే సరితా?" అని మా మేనత్త ఇప్పటికీ ఫోన్‌లో దెప్పుతుంది. చెప్పుల దుకాణమే అత్తా, కాకపోతే మా దగ్గర చెప్పు తప్పు ఇస్తే మోకాలు పోతుంది అంటాను. ఆమె నమ్మదు.

నిజానికి స్కీ బూటు చాలా మొండి వస్తువు. బయట షెల్ అని గట్టి ప్లాస్టిక్ తొడుగు, లోపల మెత్తటి లైనర్. మనవాళ్ళు ఎవరొచ్చినా మొదటి మాట ఒకటే: "ఒక సైజు పెద్దది ఇవ్వండి, లావు సాక్సులు రెండు జతలు వేసుకుంటాం." కొంప ముంచేది అదే. బూటు కింద బిగించే పొడుగాటి స్కీ పలకకు పక్కన ఇనుప అంచు ఉంటుంది, దాన్ని ఎడ్జ్ అంటాం. మోకాలు కాస్త పక్కకు వంచగానే ఆ ఎడ్జ్ మంచులో దిగాలి. దిగితేనే మలుపు తిరుగుతాం, దిగితేనే ఆగుతాం. బూటులో కాలు ఊగుతూ ఉంటే మోకాలు చెప్పింది స్కీ దాకా చేరదు. ఇక ఫ్లెక్స్ అని ఇంకోటి ఉంది, అది బూటు ఎంత బిరుసో చెప్పే అంకె. పందేల్లో దిగేవాళ్ళకు నూట ముప్పై కావాలి, కొత్తవాళ్ళకు ఎనభై చాలు. గొప్పకు పోయి బిరుసుది కొనుక్కున్నవాళ్ళు సాయంత్రానికి పిక్కలు పట్టుకుని కుంటుతూ తిరిగొస్తారు.

అంకెలు ఎవరైనా నేర్చుకోవచ్చు. నా పనంతా నొప్పితోనే. బూటు బిగువుగా ఉండాలి, నొప్పి మాత్రం పెట్టకూడదు. ఆ తేడా నేను ముఖం చూసి పట్టేదాన్ని. జనం నోటితో ఏం చెప్పినా పెదవి బిగుసుకోవడం, దవడ కదలడం దాచుకోలేరు. ఆ సీజన్‌లో ముఖాలు సగం మాస్కుల వెనక్కి పోయాయి. దానికి తోడు మా ఓనర్ హెర్ కెస్లర్ కొత్త నియమాలు పెట్టాడు. కస్టమర్‌కు చెయ్యిచాపు దూరంలో పదిహేను నిమిషాలకు మించి ఉండకూడదు. బూట్లు వాళ్ళే వేసుకోవాలి, వాళ్ళే విప్పుకోవాలి. క్రిమిసంహారక స్ప్రే కొట్టిన బూటులో మళ్ళీ చెయ్యి పెట్టకూడదు. అంతకు ముందు నాకో అలవాటు ఉండేది. బూటు సంచిలో పెట్టే ముందు చెయ్యి లోపలికి దూర్చి, మడమ నుంచి వేళ్ళ కొస దాకా తడిమి చూసేదాన్ని. ఆ ఏడు అది మానేశాను.

సెలవులకు ముందు శుక్రవారం మధ్యాహ్నం ప్రసాద్ గారు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. నలభై ఆరేళ్ళ మనిషి, తెనాలి వైపు వాళ్ళు, ఎర్ఫుర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూతురు హాసినికి పదకొండేళ్ళు. ఆ పిల్ల స్నేహితురాళ్ళతో వెళ్ళి స్కీయింగ్ ఎప్పుడో నేర్చేసుకుంది. తండ్రి ఒక్కసారి కూడా మంచు మీద నిలబడలేదు. నా బ్యాడ్జి మీద పేరు చూసి ఆయన కళ్ళు మెరిశాయి.

"తెలుగువాళ్ళా అమ్మా? బతికించావు. ఈ జర్మన్‌లో బూట్ల గురించి ఏం అడగాలో నాకు ఒక్క ముక్క తెలీదు. రెండేళ్ళు ఇంట్లోనే ఆఫీసు పెట్టుకుని, దీనికి నా వీపు తప్ప ముఖం చూపించలేదు. ఈ వారం మొత్తం దీనికే. రేపు తొమ్మిదింటి నుంచి ఏడు రోజులూ మీ ఊరి పైన కొండ మీదే, కొత్తవాళ్ళు నేర్చుకునే వాలు దగ్గర."

"ఏడు రోజులు! మాట ఇచ్చాడు," అని హాసిని జర్మన్‌లోనే నాకు సాక్ష్యం చెప్పింది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, నోట మాత్రం జర్మన్ తప్ప రాదు.

నేను కొలత తీద్దామని వంగాను. ఆయన చటుక్కున కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

"అయ్యయ్యో, ఆడపిల్లవి, నువ్వు నా కాళ్ళు పట్టుకోవడం ఏంటమ్మా? ఎలాగో చెప్పు, నేనే వేసుకుంటా."

మామూలు ఏడాది అయితే "అన్నా, ఇది నా పని, కాలు ఇటియ్యండి" అని గదమాయించేదాన్ని. మనవాళ్ళలో పెద్దవాళ్ళందరికీ ఈ మొహమాటం ఉంటుంది, నాకు కొత్త కాదు. కానీ ఆ ఏడు రూలు కూడా అదే కదా. ఇద్దరికీ సౌకర్యంగానే ఉందని ఊరుకున్నాను.

ఆయనను స్కానర్ పలక మీద నిలబెట్టి కొలత తీసి, ఎనభై ఫ్లెక్స్ బూట్లు ఇచ్చాను. వేసుకుని నిలబడితే మోకాళ్ళు కాస్త బయటికి పోతున్నాయి. అలా ఉంటే రెండు స్కీలూ బయటి ఎడ్జ్ మీదే నడుస్తాయి. దాన్ని సరిచేయడానికి బూటు పక్కన ఒక బోల్టు ఉంటుంది. అలెన్ కీతో తిప్పితే పై భాగం కాస్త వంగుతుంది. అలెన్ కీ అంటే ఇంగ్లీషు ఎల్ అక్షరంలా వంగిన చిన్న ఇనుప ముక్క, చిటికెన వేలంత ఉంటుంది. బూట్లు బల్ల మీద పెట్టి ముందు ఎడమది, తర్వాత కుడిది తిప్పాను. ఇంతలో హాసిని తన స్కీ కర్రల పొడవు గురించి ఏదో అడిగింది. కీని బూటు అంచు మీద పెట్టి అటు తిరిగాను.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే అది పని కాదు, కబుర్లు. ఎర్ఫుర్ట్‌లో సోనా మసూరి బియ్యం దొరుకుతున్నాయా అని నేను, ఇల్మెనౌలో తెలుగు స్టూడెంట్లు ఎంతమంది మిగిలారని ఆయన. ఎన్నో నెలల తర్వాత మాస్కు వెనక నా నోరు తెలుగు మాట్లాడుతోంది. ఆ సంబరంలో ఆయన బూట్లు ఎప్పుడు వేసుకున్నారో కూడా సరిగ్గా చూడలేదు.

షాపంతా తిరగమన్నాను. ఇరవై నిమిషాలు తిరిగారు.

"ఎక్కడన్నా గుచ్చుతుందా అన్నా?"

"పర్లేదమ్మా."

"వేళ్ళ దగ్గర?"

"బానే ఉందమ్మా."

"మడమ లేస్తుందా?"

"పర్లేదు పర్లేదు. పర్ఫెక్ట్!"

జర్మన్ కస్టమర్ అయితే ఎడమ చిటికెన వేలి పక్కన రెండు మిల్లీమీటర్లు ఒత్తుతోందని చెప్పి మూడుసార్లు విప్పిస్తాడు. మనవాళ్ళకు అవతలి మనిషిని శ్రమపెట్టడం ఇష్టం ఉండదు. అది తెలిసి కూడా నేను ఆ "పర్లేదు"ను అలాగే తీసుకున్నాను. వెళ్ళేటప్పుడు కౌంటర్ మీది గిన్నెలోంచి చాక్లెట్ తీసుకోమన్నాను. హాసిని వెంటనే అడ్డుపడింది, నాన్న తినకూడదని. ఆయన నవ్వేసి, "ఈ దేశపు చలికి కాళ్ళు ఎటూ మొద్దుబారిపోతాయమ్మా, సాక్సుల్లో ఉన్నాయో లేవో కూడా తెలీదు. బూట్లు వెచ్చగా ఉంటే చాలు," అంటూ సంచి అందుకున్నారు.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు బల్ల సర్దుతుంటే నాలుగు మిల్లీమీటర్ల అలెన్ కీ కనపడలేదు. సొరుగులు చూశాను, బల్ల కింద వంగి చూశాను, చెత్తబుట్ట బోర్లించాను. చివరిసారి ఎక్కడ వాడానా అని ఆలోచిస్తే చెయ్యి ఆగిపోయింది. ప్రసాద్ గారి కుడి బూటు. అంచు మీద పెట్టాను. మళ్ళీ తీసుకున్నట్టు గుర్తు లేదు.

హెర్ కెస్లర్‌కు చెప్పాను. అరవై దాటిన మనిషి, ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాడు. "బూటులో పడి ఉంటే వేసుకున్న క్షణంలో అరిచేవాడు. ఇనుప ముక్క మీద ఇరవై నిమిషాలు ఎవరు నడుస్తారు? ఇంకెక్కడో ఉంటుంది, వెతుకు," అన్నాడు.

అదీ నిజమే. నిజమే కదా అనుకుంటూ మళ్ళీ వెతికాను. కానీ నిన్న విన్న మాటలు వదలడం లేదు. చాక్లెట్ తినకూడదు. కాళ్ళు ఉన్నాయో లేవో తెలీదు. అప్పుడు మా పెదనాన్న గుర్తొచ్చాడు. ఆయనకు షుగర్. ఒకసారి బజారుకు వెళ్ళి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండోది దారిలో ఎక్కడో జారిపోయింది, ఆయనకు తెలియనే లేదు. ఆ రోజు ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం. డాక్టరు మాత్రం నవ్వలేదు.

ప్రసాద్ గారు నాతో మొహమాటానికి "పర్లేదు" అనలేదు. నిజంగానే ఆయనకు ఏమీ తెలియలేదు!

"నిన్నటి ఫారాల పెట్టె తెరవండి, ఫోన్ చెయ్యాలి," అన్నాను.

"కుదరదు. అవి ఆరోగ్య శాఖ కోసం తీసుకున్న వివరాలు. ఇంకో పనికి వాడకూడదు. డాటెన్‌షుట్జ్!" అన్నాడు. ఈ దేశంలో జనం వివరాల గోప్యత అంటే దేవుడి గదితో సమానం.

"మనిషి వేలు పోతుంది హెర్ కెస్లర్! షుగర్ ఉన్నవాళ్ళకు కాలి మీద పుండు పడితే మానదు. ఏడు రోజులు ఆ బూటు వేసుకు తిరుగుతాడు. ఏడు రోజులు! మీ పెట్టెకు దండం పెట్టుకుంటూ కూర్చోండి!"

నా జీవితంలో ఆయన మీద అరిచింది అదొక్కసారే. ఆయన నన్ను చూశాడు, గడియారం చూశాడు. తర్వాత జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నంబరు ఇవ్వను. వ్యాన్ ఇస్తాను. కొండ మీద చేతికి గ్లోవ్స్ ఉన్నవాడు ఫోన్ ఎత్తుతాడా? పో."

అరగంట దారి. రోడ్డు పక్కన మంచు నా ఎత్తున పేరుకుని ఉంది. ముందు పోతున్న బస్సును దాటే వీలు లేదు. తొమ్మిదింటికి మొదలుపెట్టి ఉంటారు, ఇప్పుడు పది దాటింది, గంటకు పైగా ఆ ఇనుము మీద నిలబడి ఉన్నారు అని లెక్క వేసుకుంటూ నన్ను నేను తిట్టుకున్నాను. చెయ్యి దూర్చి చూస్తే సరిపోయేది. ఐదు సెకన్ల పని. స్ప్రే కొట్టారని, రూలు ఉందని, మన తెలుగాయన దొరికాడని ఒళ్ళు మరిచాను. రూలు పెట్టింది కెస్లరే కానీ కీ మాత్రం నాదే.

కొత్తవాళ్ళ వాలు దగ్గర వ్యాన్ ఎలా వదిలానో నాకే తెలీదు. పైన హాసిని గులాబీ రంగు టోపీ కనపడింది, పక్కన ప్రసాద్ గారు. ఒక మలుపు తిరిగారు. ఎడమ స్కీ ఎడ్జ్ దిగింది, కుడిది పక్కకు జారిపోయింది. ఇంకో మలుపు, మళ్ళీ కుడిదే జారింది. వేళ్ళ కింద ఏదో ఎత్తు ఉంటే కాలి బరువు ముందుకు దిగదు, ఎడ్జ్ పట్టదు. చూడగానే నాకు అర్థమైపోయింది. ఇక అనుమానం లేదు.

"ప్రసాదన్నా! ఆడనే ఆగుండ్రి! దిగొద్దు!" అని గొంతు చించుకుని అరిచాను.

ఆయన నన్ను గుర్తుపట్టి, పలకరిస్తున్నాననుకుని చెయ్యి ఊపారు. అలా ఊపుతూనే కిందికి వచ్చేశారు. కుడి కాలు ఇంకోసారి జారి నా ముందే మంచులో కూలబడ్డారు. ముఖం వెలిగిపోతోంది.

"ఏవమ్మా, నువ్వూ వచ్చావా! భలే బూట్లు ఇచ్చావు తల్లీ. పొద్దుటి నుంచి ఎంత హాయిగా ఉన్నాయో! అసలు బూట్లు వేసుకున్నట్టే లేదమ్మా."

ఇన్నేళ్ళలో వందల మందికి బూట్లు ఇచ్చాను. స్కీ బూటు వేసుకున్న మొదటి రోజు ఆ మాట అన్నవాళ్ళు ఒక్కరు లేరు. అది వినగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మోకాళ్ళ మీద కూర్చుని ఆయన కుడి బూటు బకిళ్ళు లాగేయడం మొదలుపెట్టాను. ఆయన కంగారుగా నా చేతులు ఆపబోయారు. "అయ్యో, వద్దమ్మా, అందరూ చూస్తున్నారు, నా కాళ్ళు నువ్వు..."

"చెయ్యి తియ్యండి అన్నా!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో ఆయన చేతులు వెనక్కి తీసేసుకున్నారు.

బూటు ఊడి వచ్చింది. తలకిందులు చేస్తే అలెన్ కీ మంచులో పడింది. నేను కీ వైపు చూడలేదు. తెల్ల సాక్సు బొటనవేలి దగ్గర ఎర్రగా తడిసి ఉంది.

ప్రసాద్ గారు ఆ సాక్సును చూసి, నా చేతులను చూసి, "ఎవరికి తగిలిందమ్మా? నీకేనా?" అని అడిగారు.

"నాన్నా," అంది హాసిని. తెలుగులో. "నాన్నా, రక్తం నీది."

ఆయన వంగి తన కాలి వైపు చూసుకున్నారు. "నాకు తెలియలేదే," అన్నారు. మాస్కు లేని ఆయన ముఖం నేను చూడటం అదే మొదటిసారి. అందులో నొప్పి ఎక్కడా లేదు. భయం మాత్రమే ఉంది.

కొండ మీది సహాయక బృందం వాళ్ళు కట్టు కట్టారు. ఆసుపత్రికి నేనే వ్యాన్‌లో తీసుకెళ్ళాను. దారిలో కీ సంగతి అంతా చెప్పేశాను, తప్పు నాదేనని చెప్పాను. ఆయన నన్ను ఓదార్చబోయారు. "పర్లేదులే అమ్మా, కావాలని చేశావా..."

"అన్నా, మీకు దండం పెడతా, ఆ మాటొక్కటి అనకండి!" అని వ్యాన్ నడుపుతూనే ఏడ్చేశాను. వెనక సీట్లో హాసిని తండ్రి స్కీ కర్రలు పట్టుకుని కూర్చుంది.

ఆయనకు ఆరేళ్ళుగా షుగర్. ఏటా కాళ్ళు పరీక్ష చేయించుకోవాలి. మొదటి లాక్‌డౌన్‌లో డాక్టరు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, రద్దయింది. తర్వాత ఆయనే వాయిదా వేస్తూ పోయారు. తిమ్మిరి మొదలై చాలాకాలమైంది. చలి అనుకున్నారు. తెనాలి ఎండలో పెరిగినవాడికి ఈ మంచుదేశంలో కాళ్ళు మొద్దుబారితే అనుమానం ఎందుకు వస్తుంది? గాయం లోతుగానే ఉందని, ఇంకో మూడు నాలుగు రోజులు అలాగే తిరిగి ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేదని డాక్టరు చెప్పింది. మానడానికి రెండు నెలలు పైనే పట్టింది. వేలు దక్కింది.

హెర్ కెస్లర్ జరిగిందంతా నాతో రాయించి తానూ సంతకం పెట్టాడు, నా మీదికి తోసేయలేదు. సోమవారం పొద్దున చూస్తే ఆయన నియమాల కాగితం మీద ఒక లైను కొట్టేసి ఉంది. గ్లోవ్స్ వేసుకుని బూటు లోపల తడిమి చూడాలని దాని కింద చేత్తో రాశాడు.

నేను ఇంకోటి కలుపుకున్నాను. ఇప్పుడు నా దగ్గర కూర్చున్నవాళ్ళు ఎవరైనా సరే, బూటు కన్నా ముందు సాక్సు తీయాలి, కళ్ళు మూసుకోవాలి. పెన్ను మూతతో ఒక్కో వేలు తాకి, ఏ వేలో చెప్పమంటాను. కుర్రాళ్ళు నవ్వుతారు, నవ్వుకోనీ. ఈ పని మొదలుపెట్టినప్పుడు నొప్పిని పోగొట్టడమే నా ఉద్యోగం అనుకునేదాన్ని. నొప్పి తెలియడం ఎంత అదృష్టమో ప్రసాద్ గారి సాక్సు చూసేదాకా నాకు తట్టలేదు. ఎవరైనా "అసలు ఏమీ తెలియట్లేదు, బ్రహ్మాండంగా ఉంది" అంటే ఇప్పటికీ నా చెయ్యి ముందు బూటులోకి పోతుంది, తర్వాతే నోట మాట వస్తుంది.

మరుసటి శీతాకాలం తండ్రీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. హాసిని కాళ్ళు రెండు సైజులు పెరిగాయి. మాస్కులు పోయాయి. ఆ పిల్లకు బూట్లు తొడిగి తలెత్తేసరికి ప్రసాద్ గారు పక్క కుర్చీలో కూర్చుని, నేను అడగకుండానే కుడి సాక్సు తీసేసి, కాలు నా ముందుకు చాపి, కళ్ళు మూసుకుని ఉన్నారు.

పెన్ను మూతతో తాకాను.

"చిటికెన వేలు," అన్నారు. "దాని పక్కది. మధ్యది... కొంచెం తెలుస్తోంది."

బొటనవేలిని తాకాను. ఇంకాస్త ఒత్తాను. హాసిని నా చేతినే చూస్తోంది.

"తాకావా అమ్మా?"

"తాకిన అన్నా."

"తెలియలేదు," అన్నారాయన, కళ్ళు మూసుకునే. పర్లేదని అనలేదు.

ఆ రోజు హాసినికి బూట్లు అమ్మాను. ఆయనకు అమ్మలేదు.